చుక్క పెట్టిన గ్లాసు

రెండు వేల పదకొండు సెప్టెంబరు పన్నెండు, సోమవారం. ఆ తేదీ సిరిసిల్లలో చాలామందికి గుర్తుంటుంది. కరీంనగర్‌లో పెద్ద సభ జరిగిన రోజు అది, తెల్లవారితే సకల జనుల సమ్మె. దావీదుకు మాత్రం ఆ రోజు సర్వపిండితో కలిసి గుర్తుంది. పొద్దున్నే భార్య రాజక్క గిన్నె అడుగున బియ్యప్పిండి ఒత్తి, శనగపప్పు, నువ్వులు, పచ్చిమిరప దండిగా వేసి కాల్చింది. అతను రెండు సర్వపిండ్లు తిని, పైన చల్ల తాగి, అద్దకం షెడ్డుకు వెళ్లాడు. తిన్న కారం ఇంకా నాలుక మీద ఉండగానే షెడ్డు వెనక గోడ దగ్గర మూత్రానికి నిలబడి, కిందికి చూశాడు.

ఎర్రగా ఉంది.

అతను భయపడలేదు. చదువరులు ఆశ్చర్యపోకూడదు. రంగుల తొట్టి దగ్గర ముప్పై ఏళ్లు పనిచేసిన మనిషికి ఎరుపు అంటే భయం ఎందుకుంటుంది? అందులోనూ అవి తెలంగాణ ఉద్యమం రోజులు. సిరిసిల్ల సాంచాల మీద, అంటే మరమగ్గాల మీద, నేసిన బట్ట నేసినట్టే గులాబి రంగులో మునిగి, కండువాలై ఊళ్లకు పోతున్న కాలం. వేసవి నుంచి దావీదు తొట్టిలో వేరే రంగు పడలేదు. మోచేతుల దాకా గులాబి, గోళ్ల సందుల్లో గులాబి, అన్నం కలిపితే ముద్దకు కూడా ఆ రంగు అంటుకునేది. శ్రావణంలో ఒకసారి మూత్రం ఇలాగే వచ్చి, మళ్లీ దానంతట అదే తెల్లబడింది. నొప్పి లేదు, మంట లేదు. రంగే లోపలికి దిగుతోందని అప్పుడే తేల్చుకున్నాడు.

అయినా ఏ విషయాన్నీ అడగకుండా వదిలే మనిషి కాదు దావీదు. షెడ్డు యజమాని హైదర్ దగ్గరికి వెళ్లాడు. ఇద్దరూ ఒకే ఈడు వాళ్లు, ఒకే తొట్టి దగ్గర పని నేర్చుకున్నవాళ్లు.

"హైదర్ భాయ్, గీ రంగు ఒంట్లకు గూడ పోతదా?"

"ఎందుకు పోదు? నీ చేతులు జూస్కో. ఏమైంది?"

దావీదు చెప్పాడు. హైదర్ నోట్లో పాన్ పక్కకు నెట్టి పగలబడి నవ్వాడు.

"అరె, ఊరంత గులాబి అయితుంటె నీ ఒక్కని ఉచ్చ తెల్లగెందుకుండాలెరా? తెలంగాణ నీ ఒంట్లకే ముందుగాల అచ్చింది!"

షెడ్డులో అందరూ నవ్వారు. దావీదు కూడా నవ్వాడు. ఆ నవ్వుతో ఇంకొన్ని రోజులు గడిచిపోయాయి.

నిజం బయటపడడానికి సమ్మే కారణమైంది. సాంచాలు ఆగాయి, షెడ్డుకు తాళం పడింది. ఇంట్లో ఊరికే కూర్చున్న దావీదు తన చేతులను చూసుకుంటూ ఉండేవాడు. సబ్బుకు సబ్బుకు గులాబి వెలిసిపోయింది. ఎన్నో ఏళ్ల తర్వాత అరచేతిలో గీతలు కనబడ్డాయి. లోపలి ఎరుపు మాత్రం పోలేదు, ఇంకా చిక్కబడింది. రంగుకు దూరమైతే రంగు తగ్గాలి కదా, ఇదేమి లెక్క? ఒక తెల్ల గుడ్డముక్కను అందులో తడిపి పెరట్లో తీగ మీద ఆరవేశాడు. తను అద్దిన రంగు ఆరితే గులాబిగానే ఉంటుంది. ఇది ఆరేసరికి ఇనుప తుప్పులా మాడిపోయింది.

ఆ గుడ్డముక్క పట్టుకుని రాజక్క దగ్గరికి వచ్చాడు. "గిది రంగు గాదే. నెత్తురు."

"వేడి జేసిందయ్యా. సబ్బియ్యం జావ కాస్త, తాగి పండుకో," అంది రాజక్క. కానీ ఆమె చేతిలో గరిటె ఆగిపోయింది. ఆ సాయంత్రమే జగిత్యాలలో ఉన్న కూతురు శ్రీలతకు ఫోన్ చేసింది.

శ్రీలత భర్త వేణు ఆటో నడుపుతాడు. బస్సులు లేని రోజులు అవి. తెల్లవారగానే ఆటో వేసుకుని వచ్చి, అత్తనూ మామనూ ఎక్కించుకుని జగిత్యాల దారి పట్టాడు. వేములవాడ దాటాక రోడ్డుకు అడ్డంగా రాళ్లు, రాళ్ల మధ్య పొయ్యిలు, పొయ్యిల మీద పెద్ద గుండిగలు. ఆ రోజు అక్కడ వంటావార్పు. ఊరు ఊరంతా రోడ్డు మీదే వండుకుని తింటోంది.

"కనిపిస్తలేదా తమ్మీ, రాస్తారోకో నడుస్తుంటె!" అని ఒకాయన కర్ర అడ్డం పెట్టాడు.

"మామకు ఉచ్చల నెత్తురు పడ్తుందన్నా. జగిత్యాలకు, స్కానింగుకు."

ఆ మాట వినగానే కర్ర లేచింది. నలుగురు కలిసి ఒక రాయిని పక్కకు దొర్లించారు. ఒక ముసలావిడ గరిటెతో పరుగున వచ్చింది. "తిని పోండ్రి బిడ్డా, ఖాళీ కడుపుతోని దవఖానకు పోవద్దు."

"కడుపు నిండ నీళ్లు దాగి రమ్మన్నరవ్వా, అన్నం తినద్దన్నరు," అన్నాడు దావీదు.

"గట్లనా? అయితె అచ్చేటప్పుడు తినుపో. తీసి పెడ్త."

జగిత్యాలలో స్కానింగు గదికి తెర వేసి ఉంది. డాక్టరు సౌమ్య చిన్న వయసు మనిషి. ఆమె అతని డొక్క మీద చల్లని జిగురు రాసి యంత్రం ఆనించింది. దావీదు తల తిప్పి యంత్రం బొమ్మ వైపు చూశాడు. ముసురు పట్టిన ఆకాశంలా ఉంది. ఆ ముసురులో ఒకచోట ఆమె చేయి ఆగింది. అక్కడే తిప్పి తిప్పి చూసింది.

"గదేంది డాక్టరమ్మా?"

"కొంచెం సేపు బయట కూర్చోండి పెద్దాయనా. మీ వాళ్లను పంపండి."

ఇంకో పెద్ద స్కానింగు కూడా చేశారు. శ్రీలత, వేణు లోపలికి పోయి చాలాసేపటికి వచ్చారు. శ్రీలత ముఖం కడుక్కుని ఉంది. "రాయి బాపు," అంది. "ఎడమ కిడ్నీల పెద్ద రాయున్నదట. హైదరాబాద్ల ఆపరేషన్ జేసి తీస్తరట. కిడ్నీ గూడ ఖరాబైంది, దాన్ని గూడ తీస్తరట."

"ఎంత పెద్దదే? ఎట్లుంటది? నిమ్మకాయంతనా?"

"గంతే ఉంటది బాపు. పాండ్రి ఇగ."

తిరుగు దారిలో అదే చోట ఆటో ఆగింది. ముసలావిడ మాట తప్పలేదు. మోదుగాకుల్లో కట్టిన అన్నం, పప్పు, వంకాయ కూర ఆటోలోకి అందించింది. దావీదు ఆకలి మీద ఉన్నాడు, తిన్నాడు. రాజక్క ఒక ముద్ద తీసుకుని మింగలేక బయటికి చూస్తూ కూర్చుంది. వేణు తన ఆకు విప్పనే లేదు. కడుపులో రాయి ఉన్నవాడు తింటుంటే, రాయి లేనివాళ్లకు అన్నం ఎందుకు దిగడం లేదు? దావీదు ఆ ప్రశ్నను మనసులో ఒక మూలన పెట్టుకున్నాడు.

మన ఊళ్లలో ఒక అలవాటు ఉంది. కొన్ని జబ్బుల పేరు పలకరు. "అసొంటి రోగం" అంటారు, గొంతు తగ్గించి. జబ్బు ఎవరిదో ఆ మనిషికి తప్ప ఊరందరికీ చెబుతారు. ప్రేమతోనే చేస్తారు ఈ పని. పేరు వింటే గుండె పగిలిపోతుందని శ్రీలత భయం. అల్లుడిది అదే భయం, రాజక్కదీ అదే భయం. దావీదును కాపాడుకోవాలనుకున్న ఆ ముగ్గురూ ఆయనను ఆయన ఒంటి నుంచే బయట నిలబెడుతున్నామని అనుకోలేదు.

హైదరాబాద్‌లో ఆరోగ్యశ్రీ కార్డు మీద ఆపరేషన్ జరిగింది. పక్కటెముకల కింద జానెడు కోత. మెలకువ వచ్చాక దావీదు అడిగిన మొదటి మాట, "రాయి ఏది? జూపెట్టుండ్రి." సెలైను సరిచేస్తున్న నర్సు వినబడనట్టు పోయింది. రెండోసారి అడిగితే రాజక్క, "పారేసిన్రట," అంది. దావీదుకు నిజంగా బాధ కలిగింది. ఇన్నేళ్లు తనలో ఉన్నదాన్ని తను ఒక్కసారైనా చూడకుండా ఎట్లా పారేస్తారు?

ఆ వార్డులో దగ్గితే ప్రాణం పోయినట్టుండేది. మూలన ఊడ్చే ఆయమ్మ ఒకరోజు చీపురు పక్కన పెట్టి, దిండు తెచ్చి అతని డొక్కకు ఆనించింది. "గట్టిగ వట్టుకొని దగ్గు పెద్దయ్యా. కుట్లు నీయే, మెత్త దవఖానది, ఏం గాదు," అంది. నిజంగానే సగం నొప్పి తగ్గింది. ఇక డాక్టర్లు పొద్దున పొద్దున వచ్చి, "గాలి పోయిందా?" అని ఒక్కటే అడిగేవారు. గాలి పోతేనే అన్నం పెడతారట. అది పోయిన పూట రాజక్క సంతోషం పట్టలేక పక్క మంచం వాళ్లకు చెప్పింది. వాళ్లు వాళ్ల పక్క మంచం వాళ్లకు చెప్పారు. వార్డంతా దావీదును అభినందించింది.

ఆ వార్డులో దాచని వార్త అదొక్కటే.

సిరిసిల్లలో వాళ్లు ఉండేది సాంచాల మధ్య అద్దె గది. రాత్రీ పగలూ మోత, గాలినిండా దూది నూగు. పచ్చి కుట్లతో అక్కడికి వద్దని, కోరుట్లలో ఉన్న దావీదు అక్క సమ్మవ్వ తన ఇంటికి తీసుకుపోయింది. భర్త పోయాక బీడీలు చుట్టి కొడుకును పెంచిన మనిషి. కొడుకూ కోడలూ పనులకు పోతే, రెండేళ్ల మనుమరాలిని చూసుకుంటూ, దవడన చిటికెడు తంబాకు పెట్టుకుని వసారాలో చాట ముందు కూర్చునేది. ఆకు కత్తిరించే చప్పుడు, తంబాకు వాసన. దావీదు నులక మంచం మీద పడుకుని ఆ చప్పుడు వింటూ కోలుకున్నాడు. మొదట గోడ పట్టుకుని వాకిలి దాకా, తర్వాత గోడ వదిలేసి చర్చి దాకా. సమ్మవ్వ తమ్ముడికి కావలసినవన్నీ వండేది. ఒకరోజు సర్వపిండి కూడా చేసింది. కానీ తను తినలేదు, చల్లలో మెత్తటి జొన్న గట్క పిసుక్కుని తాగింది.

"చిన్నప్పుడు నా వాటాది గూడ గుంజుకొని తినేదానివి. ఇప్పుడేమైందే అక్కా?"

"కారం పడ్తలేదు తమ్మీ. ముసల్దాన్నయితున్న."

ఇంకొకటి కూడా దావీదు గమనించాడు. మనుమరాలు తాత మంచం దగ్గరికి వస్తే సమ్మవ్వ ఏదో పని చెప్పి ఎత్తుకుపోయేది. కుట్ల మీద పడుతుందేమోనని అనుకున్నాడు.

సమ్మె ముగిసి, బస్సులు తిరిగి, చలి మొదలైన రోజుల్లో హైదర్ కోరుట్ల వచ్చాడు. చేతిలో అరటిపండ్ల హస్తం.

"ఏందిరా దావీదూ, నీ తొట్టి నిన్ను యాదిజేస్తుంది. నీ జాగల కొత్తోన్ని వెడ్తె గులాబి అద్దుమంటె ఇటుక రంగు అద్దిండు."

"రంగు కలువకముందే ఉప్పేసి ఉంటడు."

"అచ్చి నువ్వే చెప్పుపో."

సమ్మవ్వ పళ్లెంలో మూడు స్టీలు గ్లాసుల చాయ్ తెచ్చి స్టూలు మీద పెట్టి, మనుమరాలు ఏడుస్తుంటే అటు తిరిగింది. హైదర్ దగ్గరగా ఉన్న గ్లాసు అందుకుని పెదవులకు ఆనించబోయాడు.

"అయ్యో! అది గాదు భాయ్!"

సమ్మవ్వ ఒక్క అంగలో వచ్చి గ్లాసు లాక్కుంది. చాయ్ హైదర్ లాల్చీ మీద ఒలికింది. హైదర్ నవ్వడానికే ప్రయత్నించాడు.

"ఏందక్కా, నా మూతి తలిగితె మీ గ్లాసు ఖరాబయితదా?"

"అయ్యో, తప్పు తప్పు, గట్ల గాదు భాయ్. అది... అది తమ్మునిది."

"తమ్మునిదైతె ఏమాయె?"

దావీదు చేయి చాపి అక్క చేతిలోంచి గ్లాసు తీసుకున్నాడు. మిగిలిన చాయ్ వాకిట్లో పారబోసి గ్లాసును బోర్లించాడు. అడుగున గోళ్ల రంగుతో పెట్టిన ఎర్రటి చుక్క. లేచి వంటింట్లోకి పోయాడు, ఒక చేయి డొక్క మీద పెట్టుకుని. తను తినే కంచం తిప్పి చూశాడు. దాని అడుగునా చుక్క ఉంది.

పుట్టిన ఊరు ఎల్లంతకుంట గుర్తొచ్చింది అతనికి. నాయన దొర పొలంలో జీతం ఉన్న రోజులు. హోటల్లో అందరికీ గాజు గ్లాసులు. వీళ్ల వాడవాళ్లకు మాత్రం బయట చూరులో చెక్కిన చొట్టల గ్లాసులు. తీసుకుని, కడుక్కుని, చాయ్ పోయించుకుని తాగి, మళ్లీ కడిగి చూరులోనే చెక్కాలి. చిన్నతనంలో అక్కాతమ్ముళ్లు ఆ గ్లాసు కడిగినవాళ్లే. ఊరు విడిచి సిరిసిల్ల వచ్చాక, హైదర్ తన సొంత గ్లాసు అందించిన రోజు దావీదు చాయ్ చల్లారే దాకా దాన్ని చేతిలోనే పట్టుకుని, అప్పుడు తాగాడు.

వసారాలోకి వచ్చి మెల్లగా అడిగాడు. కోపం లేదు ఆ గొంతులో, తెలుసుకోవాలన్న తహతహే ఉంది.

"అక్కా, ఎల్లంతకుంట హోటల్ల మన గ్లాసు చూరుకుండేది, యాదికున్నదా?"

సమ్మవ్వ తల దించుకుంది.

"గా గ్లాసు మళ్ల మనింట్లకు ఎట్లచ్చిందే? నా కడుపుల ఉన్నది రాయంటిరి. రాయికి వేరే గ్లాసెందుకు? రాయి అంటుకుంటదా?"

పెరట్లో బట్టలు పిండుతున్న రాజక్క చప్పుడు విని వచ్చి, భర్త చేతిలో గ్లాసును, దాని చుక్కను చూసింది. ఆమెకు ఆ చుక్క సంగతి తెలియదు. "వదినే, ఎంత పని జేసినవ్," అంటూ తడి చేతులతోనే గడపలో కూలబడింది.

"చంటిపిల్ల ఉన్నది రాజక్కా. నా భయం నాది," అంది సమ్మవ్వ. ఇంకేదో అనబోయి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

"ఎవ్వల నోట్ల నుంచి మాట రాదాయె," అన్నాడు దావీదు. "భాయ్, నువ్వన్న చెప్పు."

హైదర్ తడిసిన లాల్చీ దులుపుకున్నాడు. "సిరిసిల్లల అందరికి ఎరుకేరా. నీకు చెప్పద్దని నాతోని ఖసం దీస్కున్నరు. నేను ఒట్టు దప్పను. కాని జగిత్యాల పోయి డాక్టరమ్మనే అడుగు. ఒళ్లు నీది. అడిగే హక్కు నీది."

అని, పళ్లెంలో ఉన్న ఇంకో గ్లాసు చాయ్‌ని ఆ చుక్క గ్లాసులోనే పోసుకుని, నిలబడే తాగేశాడు.

మర్నాడు దావీదు జగిత్యాల వెళ్లాడు. తల్లి ఫోన్ చేసి చెప్పడంతో శ్రీలత దవాఖాన మెట్ల మీదే ఎదురొచ్చింది. "బాపు, రాయే బాపు. నామీద నమ్మకం లేదా?"

"నీమీద నమ్మకమున్నది బిడ్డా. నీ రాయి మీదనే లేదు."

లోపల డాక్టరు సౌమ్య అతని కుట్లు చూసి, బాగా మానాయంది. దావీదు చొక్కా గుండీ పెట్టుకుంటూ అడిగాడు. "నాకేమైందో నాకు చెప్పుండ్రి డాక్టరమ్మా. నేను తట్టుకుంట. తెల్వకుంటనే తట్టుకుంటలేను."

ఆమె శ్రీలత వైపు చూసింది. తర్వాత కుర్చీ దగ్గరికి జరుపుకుంది. "క్యాన్సర్ పెద్దాయనా. కిడ్నీలో గడ్డ. కానీ కిడ్నీ దాటి బయటికి రాలేదు. మొత్తం తీసేశారు."

మాట వినగానే దావీదు బల్ల అంచు పట్టుకున్నాడు. కూర్చున్నాడు. శ్రీలత ఏడుస్తూ తండ్రి భుజం పట్టుకుంది. దావీదు భయం ఒక అల. అది వచ్చి, తడిపి, వెనక్కి పోయింది. పోయాక అడుగున అతని పాత గుణమే మిగిలింది.

"అది ఏ రంగుల ఉంటది డాక్టరమ్మా?"

డాక్టరు తెల్లబోయింది. "ఇంతమందిని చూశాను, ఎవరూ అడగలేదు ఈ మాట. కోసి చూస్తే ఎక్కువగా పసుపు. బంగారం రంగు."

"గంత మంచి రంగా!" అన్నాడు దావీదు. తన లోపల నుంచి వచ్చిన ఎరుపు ఒక రంగు, లోపల దాక్కున్నది ఇంకో రంగు. దాన్ని చూడలేకపోయినా దాని రంగు తెలిసింది. అదే కొంత ఊరట. "అంటుకుంటదా?"

"అంటుకోదు. ఒకే గ్లాసులో తాగినా, ఒకే కంచంలో తిన్నా, మనుమరాలిని ముద్దు పెట్టుకున్నా అంటుకోదు."

"ఒక్క కిడ్నీతోని బతుకచ్చునా?"

"బతకొచ్చు, పని చేసుకోవచ్చు. రెండోది తన పనితో పాటు పోయినదాని పని కూడా చేస్తుంది. దాన్ని జాగ్రత్తగా చూసుకోవాలి. ఊరికూరికే నొప్పుల గోలీలు మింగొద్దు, బీపీ చూపించుకోవాలి."

"మళ్లస్తదా?"

డాక్టరు అబద్ధం చెప్పలేదు. "రాకపోవచ్చు. రావచ్చు కూడా. అందుకే ఆరు నెలలకోసారి స్కానింగుకు రావాలి. హైదరాబాద్‌లో మీవాళ్లకు చెప్పే ఉంటారు."

దావీదు కూతురి వైపు తిరిగాడు. "ఆర్నెల్లకోపారి ఏం జెప్పి తోల్కద్దామనుకున్నవే?"

శ్రీలత ముక్కు తుడుచుకుంది. "ఇంకో రాయని..."

"ఎన్ని రాళ్లు పెడ్దువే నా కడుపుల! నా కడుపేమన్న వేములవాడ రోడ్డా?"

ఏడుస్తూనే నవ్వింది శ్రీలత. డాక్టరు కూడా నవ్వింది. ఆటోలో తిరిగి వస్తూ దావీదు ఒకసారి మొఖం బయటికి తిప్పుకుని కళ్లు తుడుచుకున్నాడు. వేణు అద్దంలో చూసి, ఏమీ అనకుండా ఆటో వేగం తగ్గించాడు. గతుకులకు కుట్లు అదరకుండా.

క్రిస్మస్ ముందటి ఆదివారం కోరుట్ల చర్చిలో ఆరాధన అయ్యాక పాస్టరు జాన్, "సాక్ష్యం చెప్పేవాళ్లున్నరా?" అని అడిగాడు. దేవుడు తమకు చేసిన మేలును నలుగురిలో నిలబడి చెప్పడం అక్కడి ఆనవాయితీ. ఒకరికి కోడలు కడుపుతో ఉందని, ఒకరికి కొడుకు పాసయ్యాడని. జబ్బు సంగతి వస్తే, "నాకు బాగలేకుండె, ప్రభువు బాగు జేసిండు" అంటారు. అంతకు మించి ఎవరూ చెప్పరు. దావీదు లేచాడు. ఆడవాళ్ల వైపు చాప మీద రాజక్క, ఆమె పక్కన సమ్మవ్వ.

"నాకు క్యాన్సర్ అచ్చింది," అన్నాడు.

చర్చిలో చీరల అంచులు కదిలిన చప్పుడు. ఎవరో "దేవా" అన్నారు. ముందు వరసలో ఒకాయన పిల్లవాడిని ఒడిలోకి లాక్కున్నాడు.

"చూసిండ్రా, పేరు వలుకంగనె ఎట్ల జరుగుతున్నరో! గీ పేరు నా ఇంట్ల గూడ ఎవ్వలు వలుకలేదు. నా ఉచ్చల నెత్తురచ్చింది. నొప్పి లేకుండె, మల్ల అదే పొయ్యింది. గందుకే రంగనుకున్న, రోజులు పోగొట్టుకున్న. మీకు గట్ల అయితె నవ్వులకు వెట్టకుండ్రి, దవఖానకు పోండ్రి. నాకు నా వాళ్లు దాసిపెట్టిన్రు. ప్రేమతోనే. కాని దాసుకుంట పోతె ఏమైందో ఎర్కేనా? నా సొంతింట్ల నాకు వేరే గ్లాసచ్చింది. మన తాతలను, నాయినలను చూరు కింద నిలవెట్టిన గ్లాసు అది. మనం గా గ్లాసు పారేసి గీ మందిరంల ఒక్క గిన్నెల ప్రభువు పేర ద్రాక్షరసం తాగుతున్నం. మల్ల మనమే తేవాల్నా దాన్ని?"

కొంచెం ఆగి, డొక్క పట్టుకుని ఊపిరి తీసుకున్నాడు.

"క్యాన్సర్ అంటుకోదు. అంటుకునేది భయం. జబ్బును కోసి తియ్యడానికి డాక్టర్లున్నరు. మనం దాసిపెట్టిన మాటను మనమే బయటికి తియ్యాలె. జబ్బు ఎవ్వలిదో వాళ్లకు చెప్పుండ్రి. చెప్పి, పక్కన గూసోండ్రి. నాకు ప్రభువు జేసిన మేలు గిదే, నాకు ఎర్కైంది."

కూర్చున్నాడు. తర్వాత పిల్లవాడిని ఒడిలోకి లాక్కున్నాయన లేచి వచ్చి, చేయి చాపాడు. కొంచెం సిగ్గుపడుతూ, పిల్లవాడిని కూడా దావీదు ముందు నిలబెట్టాడు. సమ్మవ్వ మాత్రం కొంగు నోటికి అడ్డం పెట్టుకుని అందరికంటే ముందు వెళ్లిపోయింది.

ఆ సాయంత్రం దావీదు పక్కింట్లో రంగులు వేసేవాళ్లను అడిగి కొంచెం థిన్నరు తెచ్చాడు. వసారాలో కూర్చుని గుడ్డతో తన గ్లాసు అడుగు తుడిచాడు, చుక్క పోయింది. కంచం తుడిచాడు. అద్దకం పనివాడి గుణం, ఒక మరక కనిపిస్తే మిగతావీ చూడాలనిపిస్తుంది. గూట్లో బోర్లించిన గ్లాసులన్నీ ఒక్కొక్కటే తీసి చూశాడు. వెనక వరసలో, మూలకు, ఇంకో గ్లాసు. దాని అడుగునా చుక్క. తన గ్లాసుది కొత్త చుక్క. ఇది కడిగి కడిగి సగం అరిగిపోయింది. ఎన్నో నెలల కిందటిది.

"రాజక్కా, గిది నీదా?"

"నాకెందుకుంటదయ్యా?"

అతను గ్లాసు పట్టుకుని అక్క దగ్గరికి వెళ్లాడు. సమ్మవ్వ చాట ముందు కూర్చుని ఉంది, ఆకు కత్తిరించడం లేదు.

"అక్కా, నేను గీ ఇంటికి రాకముందుదే గీ చుక్క. ఎవ్వలిది?"

ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. కారం పడడం లేదన్న మాట, చల్లలో పిసుక్కున్న గట్క, మాటిమాటికీ నోటి మీదికి పోయే కొంగు, అన్నీ అప్పుడు ఒకదాని పక్కన ఒకటి వచ్చి నిలబడ్డాయి దావీదుకు.

"నోరు తెరువే అక్కా."

సమ్మవ్వ కొంగు తీసి, చిన్నపిల్లలా నోరు తెరిచింది. తంబాకు దవడలో పెట్టుకునే చోట, లోపలి చెంపకు తెల్లగా పాచి కట్టిన పుండు.

"ఎండకాలం నుంచి మానుతలేదు తమ్మీ. సస్తనేమో అని గాదు నా భయం. మీకు ఎర్కైతె నా గ్లాసు వేరే జేస్తరేమో అని. గందుకే నేనే జేసుకున్న. నీది అచ్చినంక నీకు గూడ..." ఆమె ఇక చెప్పలేకపోయింది.

దావీదు ఆమె పక్కన కింద కూర్చున్నాడు, మెల్లగా, ఒక చేయి నేలకు ఆనించి. "పుండైనంత మాత్రాన అదే అని లేదు. అదే అయినా గాని, ఏందో తెల్సుకుందాం. రేపు పొద్దున వేణును రమ్మంట. జగిత్యాల పోదాం. డాక్టరమ్మ ఏం జెప్పినా ముందుగాల నీకే జెప్పాలె అని నేనంట."

"నువ్వు నా తోటి లోపలికస్తవా?"

"బయట గూసోమన్నా గూసోను."

అరిగిపోయిన ఆ చుక్కను గుడ్డతో రెండుసార్లు తుడిస్తే పోయింది. దావీదు గ్లాసులన్నీ కలిపి గంపలో వేశాడు. ఏది ఎవరిదో ఇక ఎవరికీ తెలియదు. రాజక్క చాయ్ పెట్టి, చేతికి అందినవి తీసి పోసి ఇచ్చింది. ముగ్గురూ తాగారు. మనుమరాలు నిద్ర ముఖంతో వచ్చి తాత గ్లాసు కోసం చేయి చాపింది. సమ్మవ్వ చూసింది, లేవలేదు. పిల్ల రెండు గుక్కలు తాగి తాత తొడ మీద తల పెట్టి పడుకుంది.

రాజక్క గ్లాసులు కడిగి వచ్చి, పిల్ల లేవకుండా, గొళ్లెం చప్పుడు కాకుండా, తలుపు మెల్లగా దగ్గరికి వేసింది.